భాణానికి ఉద్దానపు పలుకు

దశరూపకాలలో భాణం ఏకపాత్ర రూపకం. అందులో నటుడు కనబడనివారి మాటలను ఆకాశభాషితంగా తానే పలికి, తానే బదులిస్తాడు. నేటి ఏకపాత్రాభినయానికి అంతకన్న దగ్గరి పూర్వరూపం లేదు. అయినా పలాస, టెక్కలి విద్యార్థులకు మనం తరచు నేర్పేది దుర్యోధనుని మయసభా ఘట్టమే.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు తోట కూలిన ఉద్దానపు కొబ్బరిరైతు, పలాసలో జీడిపిక్కలు ఒలిచే కూలీ తమ మాటలోనే రంగస్థలం ఎక్కరాదా? హాస్యానికైనా, శోకానికైనా ఆ పలుకే ప్రాణం. అది గ్రామ్యమని దిద్దే పండితులు, పాత్రోచితంగా దేశభాషలను విధించినవాడు భరతుడేనని మరువరాదు. 1892లో విజయనగరంలో ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’ నడిచినదీ ఆ బాటనే. మన వార్షికోత్సవాలలో ఏటా ఒక్క స్వీయరచనకైనా, దాని యాసను దిద్దకుండా, చోటివ్వడం మన విధి.