పొగ తగ్గాలి, కిస్తీ పెరగొద్దు

మూసీ కాల్వల కింద యాసంగి వరి కోతలు మొదలైతే వలిగొండ, పోచంపల్లి, బీబీనగర్ మండలాల్లో ఊరూరా ట్రాక్టర్లు, హార్వెస్టర్లే. ఆ పొగను అందరికన్నా ముందు పీల్చేది సీటు మీద కూర్చున్న మన పిల్లలు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. అందుకే పొగ తగ్గించే నిబంధనలను మనం వ్యతిరేకించడం లేదు. ఆ ఖర్చు ఎవరు మోయాలన్నదే మన ప్రశ్న.

50 హెచ్‌పీ పైబడిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 నిబంధన 2023 జనవరి 1 నుంచి అమలైంది. చిన్న బండ్లను కూడా గట్టిగా పట్టే ట్రెమ్-5ను ముందు 2024 ఏప్రిల్ అని, తర్వాత 2026 ఏప్రిల్ అని కేంద్రం ప్రకటించింది. మనలో ఎక్కువ మంది కొనేది 50 హెచ్‌పీ లోపు బండే. 25 నుంచి 50 హెచ్‌పీ ఇంజన్ పాత లెక్కలో ఒక కిలోవాట్ గంట పనికి 0.6 గ్రాముల మసి వదలొచ్చు. ట్రెమ్-5లో అది 0.015 గ్రాములే, అంటే నలభయ్యో వంతు.

నాజిల్ సరిచేస్తే ఇంత తగ్గదు. డీజిల్ గాలితో సరిగా కలవని చోట మసి పుడుతుంది. మంట మరీ వేడెక్కిన చోట నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. అందుకే కంప్యూటర్‌తో నడిచే ఇంజెక్షన్, పొగలో కొంత చల్లార్చి తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్, మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ వస్తున్నాయి.

ఫిల్టర్‌లో మసి కాలాలంటే పొగ బాగా వేడిగా ఉండాలి. దమ్ము చేసేటప్పుడు, రోటవేటర్ లాగేటప్పుడు ఆ వేడి వస్తుంది. ఖాళీ ట్రాలీతో తిరిగినా, ఇంజన్ ఊరికే నడిచినా రాదు. అప్పుడు బండి అదనపు డీజిల్ కాల్చి ఫిల్టర్‌ను 600 డిగ్రీల దాకా వేడి చేస్తుంది. ఆ పని మధ్యలో ఇంజన్ ఆపొద్దు, ఎండుగడ్డి మీద బండి నిలపొద్దు. కల్తీ డీజిల్ ఈ ఫిల్టర్లకు విషం. యూరియా ద్రావణం వాడే పెద్ద ఇంజన్లలో పొలానికి వేసే వేపపూత యూరియా కలిపితే మొత్తం వ్యవస్థే పాడవుతుంది.

ఇవన్నీ నేర్చుకోగలం. కానీ ఏడాదిలో కొన్ని నెలలే నడిచే ట్రాక్టర్ మీద ఈ అదనపు ధర కిస్తీలోకి వస్తుంది, కిస్తీ కిరాయిలోకి వస్తుంది. సొంత బండి లేని రెండెకరాల రైతు కూడా ఎకరం దమ్ముకు ఆ భారం కడతాడు. కోతల రోజుల్లో ఫిల్టర్ నిండి బండి ఆగితే, షోరూం నుంచి లాప్‌టాప్ వచ్చేదాకా వడ్లు వానకు వదిలేయాలా?

అందుకే మన డిమాండ్లు ఇవి. 50 హెచ్‌పీ లోపు ట్రాక్టర్లపై పెరిగే ధరను ప్రభుత్వం సబ్సిడీగా భరించాలి. లోపం చూపే పరికరాలు, సమాచారం మండల మెకానిక్‌లకు ఇవ్వాలని కంపెనీలను ఆదేశించాలి. మెకానిక్‌లకు ఐటీఐల్లో శిక్షణ ఇవ్వాలి. మీటర్ మీద వెలిగే ప్రతి లైటుకు అర్థం చెప్పే పుస్తకం తెలుగులో ఉండాలి. ఫిల్టర్ వారంటీ గంటల్లో, కాగితం మీద రాసివ్వాలి.

ఈ నిబంధనలు కొత్తగా తయారయ్యే బండ్లకే. ఇప్పుడున్న ట్రాక్టర్ అమ్ముకోవాల్సిన పని లేదు, ఎవరైనా అలా భయపెడితే నమ్మొద్దు. కొత్తది కొనేవాళ్లు వారంటీ కాగితం చదివాకే సంతకం పెట్టండి. ఫిల్టర్ కోసి పారేయమని చెప్పేవారి మాట వినకండి. ఆ మసి మళ్లీ మన ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. ఈ డిమాండ్లపై ప్రతి గ్రామ కమిటీ తీర్మానం చేసి కలెక్టర్‌కు ఇవ్వాలని కోరుతున్నాం.