పులి గెలిచిందని గీతలు చెరపొద్దు

కొత్త స్ట్రాటజీ గేమ్ మల్టీప్లేయర్ బీటా తెరిచిన వారానికి ఆడినవాళ్లు ఏమంటే అదే ఆ గేమ్ మీద తుది తీర్పు. గేమింగ్ లోకంలో ఈ నమ్మకం ఇవాళ ఎదురులేకుండా చెల్లుబాటవుతోంది. పదిమంది ఓపీ, అంటే మితిమీరిన బలం ఉన్నది, అన్న యూనిట్ ఓపీయే. రేపటి ప్యాచ్‌లో దాన్ని నెర్ఫ్ చెయ్యకపోతే, అంటే బలం తగ్గించకపోతే, తయారుచేసినవాళ్లు జనం మాట లెక్కచెయ్యని అహంకారులు. ఆడేది మనం, కొనేది మనం, కాబట్టి మనకు తోచిందే నిజం. వినడానికి న్యాయంగా ఉంది కనుక ఈ వాదాన్ని ఎవరూ పెద్దగా ప్రశ్నించరు. పదిహేనేళ్లకు పైగా ఈ ఆటలు ఆడుతూ, చూస్తూ వచ్చినవాణ్ణి. ఈ వాదం తప్పని, మనం ప్రేమించే ఆటలకే చేటు చేస్తోందని నా నమ్మకం. బలాబలాల గురించి తొలి వారంలో మనకు కలిగే అభిప్రాయం మనకు ఆట ఎంత తక్కువ వచ్చో చెబుతుంది. అంతకు మించి ఏమీ చెప్పదు.

దీనికి స్టార్‌క్రాఫ్ట్ 2 కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. తయారుచేసిన సంస్థ బ్లిజార్డ్ ఆ గేమ్‌ను 2007 మే 19న సియోల్‌లో ప్రకటించింది. బీటా 2010 ఫిబ్రవరి 17న మొదలైంది, గేమ్ అదే ఏడాది జులై 27న విడుదలైంది. టెరాన్, ప్రొటాస్, జెర్గ్ అని మూడు జాతులు. చదరంగంలోలా ఇద్దరికీ ఒకే బలగం ఉండాలని లేదు. ఒక జాతి సైన్యానికీ మరో జాతి సైన్యానికీ పోలికే లేదు. వంతులూ లేవు. ఖనిజం తవ్వించాలి, కట్టడాలు లేపాలి, సైన్యాన్ని పెంచాలి, ఎదుటివాళ్ల బేస్‌లో ఏం జరుగుతోందో కనిపెట్టాలి, అన్నీ ఏకకాలంలో. ఇంతటి ఆటను చేతబట్టి మొదటి వారాల్లోనే ఫలానా దానికి మందు లేదని తేల్చేశారు. జెర్గ్ రోచ్‌ల గుంపు వస్తే ఆపలేమన్నారు. ప్రొటాస్ నాలుగు గేట్‌వేలు కట్టి, వాటిని వార్ప్ గేట్లుగా మార్చి, మన గుమ్మం ముందే సైన్యాన్ని దించుతుంటే ఇదేం ఆట అన్నారు. విడుదలయ్యాక టెరాన్ రీపర్ల వంతు వచ్చింది.

ఆ మాటలన్నవాళ్లు అబద్ధమాడలేదు. నిజంగానే ఓడారు, నిజంగానే ఒళ్లు మండింది. చూసింది సరైనదే, తీసిన అర్థం తప్పు. ఏ కొత్త ఆటలోనైనా దాడి ముందు వంటబడుతుంది, కాపు తర్వాత వస్తుంది. దాడికి ఒక పథకం చాలు. ఎవరిదో రీప్లే చూసి, ఏ కట్టడం ఎప్పుడు మొదలెట్టాలో రాసుకుని, ఒక్క సాయంత్రంలో దించేసుకోవచ్చు. అవతలివాళ్లు ఏం చేస్తున్నారో పట్టించుకోకపోయినా చాలాసార్లు నడిచిపోతుంది. కాపు కాసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఏమేం రావచ్చో తెలియాలి. వస్తున్నది వాటిలో ఏదో ముందే పసిగట్టాలి. దానికి విరుగుడు ఏమిటో, అది సిద్ధం కావడానికి ఎంతసేపు పడుతుందో వేళ్ల చివర ఉండాలి. ఆ తెలివి వందల ఓటములు తింటే గాని రాదు. ఈ రెండు విద్యల మధ్య నెలల ఎడం ఉంటుంది. ఆ ఎడంలో నిలబడి చూస్తే ప్రతి దాడీ అన్యాయంలాగే కనిపిస్తుంది.

మన పులి మేక ఆట ఆడినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పాత గుళ్ల మండపాల్లో నేల బండల మీద ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. 3 పులులు, 15 మేకలు. పులి మేక మీంచి దూకి చంపుతుంది. మేకలు చంపలేవు, పులిని కదలనివ్వకుండా దిగ్బంధం చెయ్యడమే వాటి పని. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మా తాతయ్యతో ఆడుతూ మేకలు పట్టి వరసగా ఓడిపోయి ఏడ్చాను. "ఎప్పుడూ పులులే గెలుస్తాయి తాతయ్యా, ఒక పులిని తీసెయ్" అని పేచీ పెట్టాను. "ముందు మేకల్ని కాయడం నేర్చుకోరా" అన్నాడు గాని తియ్యలేదు. పులులు పట్టినవాళ్లు మేక వెనక చోటు ఖాళీగా ఉందా అని చూసుకుంటే చాలు, మధ్యాహ్నానికి ఆట వచ్చేస్తుంది. మేకలు పట్టినవాళ్లు ఏ మేక వెనకా సందు లేకుండా మొత్తం మందను ఒక్కటిగా నడపాలి. అది పట్టుబడడానికి నాకు మరో వేసవి పట్టింది. ఆ తర్వాత పులులు పట్టాలంటే నేనే జంకేవాణ్ణి. మొదటి వేసవిలోనే తాతయ్య నా పేచీకి లొంగి ఉంటే, రెండో వేసవిలో నేర్చుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

బ్రూడ్ వార్ విషయంలో జరిగింది అదే. మొదటి స్టార్‌క్రాఫ్ట్ 1998లో వచ్చింది, అదే ఏడాది చివర్లో దానికి బ్రూడ్ వార్ జతపడింది. బలాబలాలను మార్చిన చివరి పెద్ద ప్యాచ్, 1.08, వచ్చింది 2001లో. ఆ తర్వాత యూనిట్ల అంకెల జోలికి ఎవరూ పోలేదు. కొరియాలో ఆ ఆట చుట్టూ టీవీ చానళ్లు నడిచాయి, జీతాలిచ్చి ఆటగాళ్లను పోషించే జట్లు నడిచాయి. అంతటి నిపుణుల మధ్య కూడా జెర్గ్ ముందు ప్రొటాస్ ఆగలేదన్న మాట ఏళ్ల తరబడి స్థిరపడిపోయింది. 2007 మార్చి 3న కొరియా టోర్నీ ఎమ్మెస్సెల్ ఫైనల్లో, ఆనాటికి జెర్గ్‌లో మేటి అయిన సేవియర్ మీద, బిసు పేరుతో ఆడే కిమ్ తేక్ యోంగ్ ప్రొటాస్‌తో 3-0 తేడాతో గెలిచాడు. అతను చేసింది చూడండి. ముందు కోర్సేర్లను పంపి ఓవర్‌లార్డ్‌లను వేటాడించాడు. జెర్గ్ సైన్యం పెరగడానికి ఓవర్‌లార్డ్ కావాలి, కంటికి ఆనని శత్రువును పట్టే కన్నూ అదే. ఆ కళ్లు పోగొట్టి, కనిపించని డార్క్ టెంప్లర్లను దించాడు. ఆ రెండు యూనిట్లూ 1998 నుంచి ప్రతి ప్రొటాస్ ఆటగాడి చేతిలోనూ ఉన్నవే. ఒక్క అంకె మారలేదు. మధ్యలో ఏ 2003లోనో జనం గోల విని ప్రొటాస్‌ను బఫ్ చేసి, అంటే బలం పెంచి ఉంటే ఆ రాత్రి ఉండేది కాదు. ఎవరికీ ఆ దారి వెతకాల్సిన అవసరమే వచ్చేది కాదు.

స్టార్‌క్రాఫ్ట్ 2కు కూడా అలాంటి రోజు తొందరగానే వచ్చింది. 2010 సెప్టెంబరులో సియోల్‌లో తొలి జీఎస్‌ఎల్ ఓపెన్ టోర్నీ మొదలైంది. విజేతకు 10 కోట్ల వన్‌లు. మూడింటిలో జెర్గ్ బలహీనమని అప్పటికి దాదాపు అందరి మాట. అక్టోబరు 2న కప్పు ఎత్తింది జెర్గ్ ఆటగాడే. ఫ్రూట్‌డీలర్ అని పేరు పెట్టుకున్న కిమ్ వన్ గి ఫైనల్లో టెరాన్ మీద 4-1తో గెలిచాడు. పోటీ నడుస్తుండగానే టెరాన్ రీపర్లనూ ప్రొటాస్ జీలట్లనూ కాస్త ఆలస్యం చేసే ప్యాచ్ వచ్చింది, ఆ మేరకు జెర్గ్‌కు మేలు జరిగింది, దాన్ని దాచను. ఒక్కడు గెలిచినంతలో జాతి మొత్తం బలమైనదని చెప్పలేమన్నా ఒప్పుకుంటాను. అదే న్యాయం అవతలి వైపూ వర్తించాలి కదా. వెయ్యిమంది ఓడినంతలో ఆట తప్పని ఎలా తేలుతుంది?

మరి రోచ్ సంగతేమిటని అడుగుతారు. బీటా మొదట్లో రోచ్ సైన్యంలో ఒక్క చోటే తీసుకునేది. బీటా నడుస్తుండగానే దాన్ని 2 చేశారు, ఆ మార్పు నిలిచింది. అది మంచి మార్పే. కాకపోతే అది ఏ రకం తప్పో గమనించాలి. సైన్యానికి మొత్తం 200 చోట్ల హద్దు ఉంది. అంత దిట్టమైన యూనిట్ ఒక్క చోటే తీసుకుంటే ఆ హద్దులో ఎన్ని పడతాయో కాగితం మీద లెక్క వేసి చూపించవచ్చు. ఎంత సాధన చేసినా ఆ లెక్క మారదు. ఓడిన కోపంతో అరిచేవాళ్లకూ, ఇలా లెక్క కట్టి చూపేవాళ్లకూ ఒకే విలువ ఇవ్వడం దగ్గరే నా పేచీ. గెలుపోటముల శాతాలు చూపించి గద్దించేవాళ్లు కూడా ఉంటారు. ఎవరికి వాళ్ల స్థాయి ప్రత్యర్థిని వెతికి జతకట్టే ల్యాడర్ ఎవరి గెలుపునైనా సగం దగ్గరికే లాగుతుంది. ఆ శాతాలను ఆచితూచి చదవాలి.

తొందరపడితే ఏమవుతుందో 2012లో చూశాం. ఆట మొదట్లో టెరాన్ హెలియన్ల దాడికి జెర్గ్ తట్టుకోలేకపోతోందని గోల. ఆ మే నెలలో జెర్గ్ యూనిట్ క్వీన్ నేల మీద కొట్టే దూరాన్ని 3 నుంచి 5కు పెంచారు. చూడ్డానికి చిన్న అంకె. జెర్గ్ ఆటగాళ్లు మూడో బేస్‌ను భయం లేకుండా తీసుకోవడం మొదలెట్టారు, అక్కణ్ణుంచి బ్రూడ్ లార్డులు, ఇన్‌ఫెస్టర్లు అనే యూనిట్ల దాకా నింపాదిగా నడిచిపోయారు. ఆ ఏడాది రెండో సగమంతా మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఒకేలా ముగుస్తుంటే చూసేవాళ్లు విసిగిపోయారు. తెరమీద ఆటను చూస్తూ నేనూ బాధపడ్డాను. అంతకన్నా బాధ కలిగించేది ఇంకొకటుంది. ఒక దాడికి జవాబు కోసం రాత్రుళ్లు కూర్చుని ఒక్కొక్క రీప్లే తిరగేసినవాళ్ల శ్రమ ప్యాచ్ రాగానే బూడిదలో పోసినట్టవుతుంది. అరిచినవాళ్లకు ఫలితం దక్కుతుంది. అలా రెండు మూడుసార్లు జరిగితే ఎవరు వెతుకుతారు?

ఆటగాళ్ల తొలి అభిప్రాయాలన్నీ కొట్టిపారెయ్యమని నేననడం లేదు. స్టార్‌క్రాఫ్ట్ 2 విషయంలో మొదటి రోజే వందకు వంద పాళ్లు సరైన ఫిర్యాదులు వచ్చాయి. వాటినే వినలేదు. ల్యాన్, అంటే ఇంటర్నెట్ లేకుండా పక్కపక్క కంప్యూటర్లను కలిపి ఆడే వీలు, ఉండదని 2009లోనే తేల్చి చెప్పారు, ఆటగాళ్లు అప్పుడే మొత్తుకున్నారు. బీటాలో అడుగుపెట్టి చూస్తే నలుగురు చేరి మాట్లాడుకునే చాట్ చానళ్లు కూడా లేవు. మన ఇంజినీరింగ్ హాస్టళ్లలో ఒక తరం ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, కౌంటర్ స్ట్రైక్ నేర్చుకున్నది గది నుంచి గదికి లాగిన కేబుళ్ల మీదే. పక్క మంచం మీద కూర్చున్న స్నేహితుడితో ఆడాలంటే ఎక్కడో దేశం అవతలి సర్వర్ దాకా వెళ్లి రావాలనడం ఎంత సాధన చేసినా అలవాటయ్యే ఇబ్బంది కాదు. మేక వెనక సందు మూసినట్టు దాన్ని మూసే వీల్లేదు. చాట్ చానళ్లు 2011 జనవరిలో వచ్చాయి. ల్యాన్ ఎప్పటికీ రాలేదు. పెద్ద పోటీల్లో కనెక్షన్ తెగితే ఆగిన చోటి నుంచి ఆట కొనసాగించే సౌకర్యానికి 2013 మార్చిలో హార్ట్ ఆఫ్ ద స్వార్మ్ అనే తర్వాతి భాగం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఏళ్లు గడిస్తే గాని తెలియని విషయంలో వారం రోజుల అరుపుకు అంకెలు మార్చారు, మొదటి రోజే తెలిసిపోయే విషయంలో చెవులు మూసుకున్నారు. ఇందులో మన వంతు తప్పూ ఉంది. మన గొంతు నిండా రోచ్‌లూ రీపర్లే ఉంటే ల్యాన్ గురించిన మాట ఎవరికి వినబడుతుంది? బీటా ఆడేవాళ్లను నేను కోరేది ఇంతే. మెనూ బాగోకపోతే, సర్వర్ సాగకపోతే, స్నేహితుణ్ణి పిలిచే దారి లేకపోతే అదే రోజు గొంతెత్తండి, మానకండి. ఒక యూనిట్ చేతిలో ఓడితే మాత్రం రీప్లే తెరవండి. అది వస్తోందని మొదట ఎప్పుడు చూడగలిగేవారో ఆ క్షణం వెతకండి. అదే దాడిని మీరే యాభైసార్లు చేసి, అది ఎక్కడ చెడుతుందో చూడండి. అప్పటికీ జవాబు దొరక్కపోతే లెక్క వేసి చూపండి, మీ వెనక నేనూ నిలబడతాను.

2017 ఆగస్టులో బ్లిజార్డ్ మొదటి స్టార్‌క్రాఫ్ట్‌ను కొత్త బొమ్మలతో, కొత్త శబ్దంతో మళ్లీ విడుదల చేసింది. ఒకేసారి పన్నెండు యూనిట్లకు మించి పట్టుకోనివ్వని పాత హద్దును కూడా అలాగే ఉంచింది. యూనిట్ల బలాలు 2001లో ఎక్కడ ఆగాయో అక్కడే ఉన్నాయి. ఆ అంకెలతోనే కొరియాలో ఇప్పటికీ లీగులు జరుగుతున్నాయి, ప్రొటాస్ ఆటగాళ్లు ఇప్పటికీ ఓవర్‌లార్డ్‌ల మీదికి కోర్సేర్లను పంపుతున్నారు.