క్రాసుకుట్టునకు ఎట్టి చట్రము తగును?

"ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట" అను సామెత కుట్టుపని గదిలో ఉపాధ్యాయినుల నోట తఱచుగా వినబడుచుండును. గుడ్డ ముడుతలు పడినదనియో, దారము చిక్కుపడినదనియో చెప్పి విద్యార్థిని తన చట్రమును నిందించినప్పుడు, మనమీ సామెతతో ఆమె నోరు మూయించుచున్నాము. నేనును అట్లు చేసినదాననే. అయితే ఒక్కొక్కప్పుడు మద్దెల నిజముగానే ఓడుగా ఉండుననియు, ఆ ఓటిమద్దెలను పిల్ల చేతికిచ్చినవారము మనమేననియు నేను ఆలస్యముగా తెలిసికొంటిని. క్రాసుకుట్టునకు తగిన చట్రమును ఎన్నుకొనుటను గూర్చి నా అభిప్రాయమును ఈ పత్రిక చదువరులకు, ముఖ్యముగా తల్లిదండ్రులకు, తెలుపుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను మఱియొక పాఠశాలలో ఆరవ తరగతి వారికి కుట్టుపని నేర్పుచుంటిని. వార్షిక ప్రదర్శనమునాడు అన్నియు ఒక్క తీరుగా కనబడవలెనను కోరికతో, అందఱును పది అంగుళముల ప్లాస్టిక్ రింగులనే కొనితేవలెనని నియమించితిని. ఒక బాలిక మూడవ దినముననే లేచి, "టీచరుగారూ, ఈ రింగు నాకు పెద్దది. మధ్యకు చేయి అందుట లేదు" అని చెప్పినది. నేను పై సామెతను చెప్పితిని. తరగతి అంతయు నవ్వెను. ఆమె మరల ఆ మాట ఎత్తలేదు. తెల్లని మ్యాటీ గుడ్డమీద రెండు నెలలు శ్రమపడి ఒక నెమలిని కుట్టినది. వేసవి సెలవులకు పనిని ఇంటికి తీసికొనిపొమ్మంటిని గాని, రింగును ఊడదీసి ఉంచుమని చెప్పనైతిని.

జూను మాసములో బడి తెఱచునప్పటికి, నెమలి పింఛముమీదుగా వలయాకారముగా ఒక మట్టిరంగు గీత ఏర్పడియుండెను. దానిక్రింది కుట్లు నలిగి బల్లపఱుపైపోయినవి. మడతయే అనుకొని తల్లి దానిని ఇస్త్రీ చేసినది. ఆ వేడికి చెమటయు ధూళియు కలిసిన మఱక గుడ్డలో నాటుకొనిపోయి, పిదప ఎన్ని పర్యాయములు ఉదికినను వదలలేదు. ఆ తల్లి నాయొద్దకు వచ్చి, "అమ్మగారూ, రింగు తీసి పెట్టవలెనని మాకు తెలియదండీ. మీరొక్క మాట చెప్పియుంటే బాగుండేది" అన్నది. ఆ మాటలో కోపము లేదు. అందువలననే అది నాకు మఱింత నాటినది. ప్రదర్శనమునాడు నేనా నెమలిని వెనుక వరుసలో, వెలుగు తక్కువగా ఉన్నచోట తగిలించితిని. చట్రమును ఎన్నుకొన్నది నేను. వెనుక వరుస దక్కినది ఆ బాలికకు.

ఇక విషయమునకు వత్తము. చట్రము చేయు పని యేమి? క్రాసుకుట్టు గళ్ల లెక్కమీద నడచు పని. గుడ్డలోని పోగులు నిలువునకు నిలువుగా, అడ్డమునకు అడ్డముగా ఉన్నప్పుడే గడి కంటికి స్పష్టముగా తోచును. గుడ్డను సమముగా సాగదీసి పట్టుట, దారము లాగినప్పుడు గుడ్డ ముడుచుకొనకుండ చూచుట, ఈ రెండే చట్రము పనులు. దీనిని బట్టి మొదట అడుగవలసిన ప్రశ్న "ఏ చట్రము?" అని కాదు, "చట్రము కావలెనా?" అని.

సూదిని నడపు పద్ధతులు రెండు గలవు. సూదిని పైనుండి క్రిందికి గుచ్చి పూర్తిగా లాగి, మరల క్రిందినుండి పైకి తెచ్చుట మొదటిది. ఒక్క ఎత్తునందే సూదిని గుడ్డలోనికి దించి ప్రక్క రంధ్రమునుండి పైకి తీయుట రెండవది. రెండవ పద్ధతికి గుడ్డ కొంచెము వదులుగా ఉండవలెను. బిగించిన రింగులో అది సాగదు. గంజిపెట్టినట్లు బిరుసుగా ఉండు ఐడా గుడ్డమీద ఈ రెండవ పద్ధతిని చక్కగా సాధించిన పిల్లకు రింగు లేకున్నను లోటులేదు. పంజాబు దేశపు స్త్రీలు ముతక ఖద్దరుమీద పోగులు లెక్కించుచు, గుడ్డ వెనుక వైపునుండి కుట్టెడి ఫుల్కారీ పని సంప్రదాయముగా చట్రము లేకయే జరుగుచు వచ్చినది. ఆ పని అందమును చూచినవారెవ్వరును చట్రము లేనిచో కుట్టు చక్కగా రాదని చెప్పజాలరు. కాని మెత్తని గుడ్డకును, దారమును గట్టిగా లాగు అలవాటుగల చేతికిని చట్రము మేలు చేయును. క్రొత్తగా నేర్చుకొనువారిలో పలువురు దారమును లాగువారే గనుక, వారికి రింగు మంచి తోడు అని నా అభిప్రాయము.

ఈ గుండ్రని చట్రమునకు ఫ్రెంచివారు "తంబూర్" అని పేరుపెట్టిరి. ఆ మాటకు వారి భాషలో మద్దెలవంటి వాద్యమని అర్థము. చర్మమును బిగించినట్లు గుడ్డను బిగించుట చేత ఆ పేరు వచ్చినది. కావుననే పలువురు "వ్రేలితో మీటిన డప్పువలె మ్రోగవలెను" అని బోధింతురు. గొలుసుకుట్టునకు కొక్కెపుసూది వాడువారికి అంత బిగింపు అవసరమే. మన తెలుగునాట రవికెలమీద మగ్గముపని చేయువారిని చూడుడు. నాలుగు కఱ్ఱల నడుమ గుడ్డను త్రాళ్లతో లాగి కట్టి, ఒక చేయి పైనను ఒక చేయి క్రిందను ఉంచి వారు పనిచేయుదురు. క్రాసుకుట్టునకైతే ఇంత బిగింపు అక్కఱలేదు. ఎక్కువగా బిగించినచో ఐడా గుడ్డలోని రంధ్రములు సాగి గడులు వంకరపోవును. వ్రేలితో నొక్కినప్పుడు కొంచెము లోనికి దిగి, వ్రేలు తీయగనే తిరిగి సమమగునంత బిగింపు చాలును.

రింగు పరిమాణమును నిర్ణయించునది నమూనాయా, చేయియా అని అడిగినచో, పిల్లల విషయములో చేయియే అందును. నమూనా కొలతను లెక్కించుట సులభము. అంగుళమునకు 14 గడులుగల ఐడా గుడ్డమీద 84 గడుల వెడల్పుగల బొమ్మ 6 అంగుళములు పట్టును. అదే బొమ్మ అంగుళమునకు 11 గడులుగల గుడ్డమీద ఏడున్నర అంగుళములకు పైబడును. నాలుగు వైపుల రెండేసి అంగుళముల గుడ్డనైనను అదనముగా విడువవలెను; లేనియెడల రింగునకు పట్టు దొరకదు, పటము కట్టించుటకును చాలదు. బొమ్మ అంతయు ఇమిడి, చుట్టును కొంత చోటు మిగులు రింగు దొరికినచో మంచిదే. రింగు గీత కుట్లమీద పడదు. అయితే చేతి కొలతను మఱువరాదు. రింగు అంచును బొటనవ్రేలితో పట్టుకొని తక్కిన వ్రేళ్లను క్రిందుగా చాచినప్పుడు అవి నడిమి భాగమును అందుకొనవలెను. అందుకొననిచో ఆ రింగు ఆ చేతికి పెద్దది. పదునొకండేండ్ల పిల్లకు సాధారణముగా ఐదారు అంగుళముల రింగు సరిపోవును. బొమ్మ పెద్దదైనచో రింగును జరుపుకొనుచు కుట్టవచ్చును.

అంగడిలో ఎన్నుకొనునప్పుడు మూడు పరీక్షలు చేయుడు. మొదటిది: రెండు వలయములను ఒకదానిలో ఒకటి అమర్చి వెలుతురునకు ఎదురుగా పట్టుడు. నడుమ సందులనుండి వెలుగు కనబడినచో అచ్చట గుడ్డ జాఱిపోవును. రెండవది: అంచువెంబడి వ్రేలిని మెల్లగా నడపుడు. వెదురు రింగులు చౌకయే గాని వానిలో కొన్నింటికి పేళ్లు లేచియుండి దారమును పట్టుకొనును. బీచి కఱ్ఱతో చేసినవి నునుపుగా ఉండును. మూడవది: మరను చూడుడు. మన కోస్తా ఉక్కపోతలోను వానకాలపు చెమ్మలోను ఇనుపమరకు తుప్పు పట్టును; తుప్పుమఱక తెల్లగుడ్డకు శత్రువు. ఇత్తడిమర మేలు. ప్లాస్టిక్ రింగు చెమ్మకు చెడదు గాని నున్నని దానిలో గుడ్డ జాఱుచుండును. లోపల లోహపు స్ప్రింగుగల రింగును తీయుట, పెట్టుట సులభమైనను దాని పట్టు తక్కువ.

కొన్న పిమ్మట లోపలి వలయమునకు అరయంగుళపు నూలు నాడాను ఏటవాలుగా, కొంచెము కొంచెము ఒకదానిమీద నొకటి వచ్చునట్లు చుట్టి, కొసను కుట్టివేయుడు. ఇందువలన పట్టు హెచ్చును, కఱ్ఱరంగు గుడ్డకు అంటదు. మరను నెత్తిమీద ఉంచుకొన్నచో దారము దానికి చుట్టుకొనును. గడియారపు ముఖమువలె భావించి, కుడిచేతితో కుట్టువారు మరను పదికిని పదునొకటికిని నడుమను, ఎడమచేతివారు ఒకటికిని రెండింటికిని నడుమను ఉంచుకొనవలెను. ఎడమచేతి పిల్లలను మనము చాలకాలము విసిగించితిమి. ఇంత చిన్న మార్పుతో వారి కష్టము సగము తీఱును.

అన్నింటికంటె ముఖ్యమైనది, పని ముగింపగనే రింగును ఊడదీయుట. ఒక్క రాత్రియైనను ఉంచరాదు. కుట్లమీద రింగు పెట్టవలసివచ్చినచో, పలుచని కాగితమును పైనుంచి బిగించి, నడుమ కాగితమును చింపివేసి కుట్టుకొనుడు. ఒకవేళ గీత పడినచో, ఇస్త్రీ పెట్టెను ముట్టకముందే గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బుతో నానబెట్టి ఉదుకుడు. ఎఱ్ఱదారము రంగు వదలునేమో తడిసిన తెల్లగుడ్డను అద్ది ముందుగా చూచుకొనుడు. మఱక పోయిన తరువాతనే, తువాలుమీద బొమ్మను బోరగిల వేసి ఇస్త్రీ చేయవలెను.

పెద్ద పటములు కుట్టువారికి వేఱు చట్రములు గలవు. పైన క్రింద రెండు కఱ్ఱలకు గుడ్డను కుట్టి చుట్టుకొనుచు పోవు చట్రము పొడుగైన పనికి అనుకూలము. నాలుగు పలకలను కూర్చి గుడ్డను పిన్నులతో బిగించు చట్రములో గుడ్డ అంతయు కనబడును, కుట్లు నలుగవు. పిన్నులు తుప్పుపట్టనివై ఉండవలెను. ప్లాస్టిక్ గొట్టములతో కూర్చి, అరగొట్టపు పట్టీలతో గుడ్డను నొక్కిపట్టు చట్రము తేలిక, విప్పి సంచిలో పెట్టుకొనవచ్చును. ఇవి ఓపికగల పెద్దలకును, ఇంట బల్లయు చోటునుగల వారికిని తగియున్నవి. బడిబల్లమీద ఇద్దఱు ప్రక్కప్రక్కన కూర్చుండి కుట్టు పిల్లలకు ఇవి మోచేతి పోట్లాటలనే తెచ్చును.

అందఱికి ఒక్కటే చట్రమైనచో తరగతి చూచుటకు ముచ్చటగా ఉండును గదా, ఒక్కసారి చెప్పినది అందఱికి వర్తించును గదా అని కొందఱు అందురు. ఈ వాదములో కొంత సత్యము లేకపోలేదు. ముప్పదిమందికి ముప్పది విధముల చట్రములున్నచో ఉపాధ్యాయిని పని పెరుగును. కాని చెప్పులను అందఱికి ఒకే కొలతతో కొనుమని మనము చెప్పము. రంగు ఒకటిగా ఉండుమందుము, కొలతను పాదమునకు విడుతుము. చట్రమును గూర్చియు ఆ న్యాయమునే పాటింపవలెను. మఱియు, రెక్కాడినగాని డొక్కాడని తల్లిదండ్రులు బడి జాబితాలో వ్రాసిన వస్తువును ఎదురుచెప్పక కొనుచున్నారు. వారిచేత అక్కఱలేని పెద్ద రింగును కొనిపించుట న్యాయము కాదు.

కావున నా మనవి యిది. పుస్తకముల జాబితాలో రింగు కొలతను వ్రాయకుందుము. నాలుగు మొదలు ఏడు అంగుళముల వఱకు గల రింగులను ఒక పెట్టెలో బడియందే ఉంచి, ప్రతి పిల్లను ఒక వారము వాడి చూడనిత్తము. చేతికి తగినది తెలిసిన పిమ్మట, స్తోమతుగలవారు కొనుక్కొందురు. లేనివారు పెట్టెలోనిదే వాడుకొందురు. రింగు లేకయే చక్కగా కుట్టు పిల్లను అట్లే కుట్టనిత్తము. కుట్టుపని గంటలో చివరి ఐదు నిమిషములు రింగులు ఊడదీసి, గుడ్డలు మడతపెట్టుటకే కేటాయింతము. సెలవులకు ముందు ఈ సంగతిని తల్లులకు చీటీ వ్రాసి పంపుదము.

జేన్ బోస్టాక్ అను ఆమె 1598వ సంవత్సరమున కుట్టిన నమూనాగుడ్డ లండను నగరమందలి విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియములో నేటికిని భద్రముగా ఉన్నది. కుట్టిన ఆమె పేరును, సంవత్సరమును దారముతో దానిమీదనే కుట్టబడియున్నవి. నాలుగువందల ఏండ్లు దాటినను కుట్టు నిలిచినది. ప్రదర్శనమునాడు గోడమీద ఒక్క వరుసలో కనబడవలెనని నేను కోరిన ఆ రింగులు నేడెక్కడనున్నవో నాకే తెలియదు. ఆ నెమలిమీది గీత మాత్రము ఇంకను ఉండియే ఉండును.

"ఈ రింగు నాకు పెద్దది" అని ఆ బాలిక ఆనాడు చెప్పినది సాకు కాదు. తన చేతిని తాను కొలిచి చెప్పిన కొలత అది. ఇకమీదట మన పిల్లలలో ఎవరైనను అట్లు చెప్పినచో, సామెతను ఎత్తకముందు ఆ చేతిని మన చేతిలోనికి తీసికొని చూతము.