లెక్క మన చేతిలో ఉండాలి

2003లో లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనులు వద్దని మన తండాలు ఎదురు నిలిచాయి. ఆ గుట్టల పక్కనే సాగర్ జలాశయం. దాని ఎడమ కాలువ నీళ్లే మిర్యాలగూడ, కోదాడ పొలాలకు పారేది.

గని మళ్లీ వస్తే మనం ఏం చూపిస్తాం? జార్ఖండ్‌లోని జాదుగూడలో 2007లో డాక్టర్లు ఇంటింటి సర్వే చేశారు. గని దగ్గరి ఊళ్లలో పుట్టుకతో వచ్చే లోపాలు దూరపు ఊళ్లకన్నా ఎక్కువన్నారు. గని యాజమాన్యం ఒప్పుకోలేదు. తవ్వకముందటి లెక్క ఉంటే అంత తేలిగ్గా కొట్టిపారేయగలిగేదా?

అందుకే పుట్టుకలు, చావులు, జబ్బులు, బావినీటి పరీక్షలు ఇప్పుడే రాసిపెట్టాలి. ఒకరు రాసింది ఇంకొకరు ఇంటికెళ్లి సరిచూడాలి. ఒక్క తండా లెక్క చాలదు, పది తండాలవి కలపాలి. శాస్త్రవేత్తలు రానీ, లెక్క తేల్చడంలో సాయం చేయనీ. అసలు పుస్తకం మాత్రం గ్రామసభ దగ్గరే ఉండాలి. బడిలో మనం చెప్పే శాతాలు, సగటు ఇందుకు పనికిరాకపోతే ఇంకెందుకు?