కుంపటి పెరట్లోనే వుండాలి

గ్యాసు పొయ్యి వచ్చాక కుంపటి అటకెక్కింది. 1999లో దీపం పథకం మొదలై పల్లెలకు సిలిండర్లు చేరాక మన చల్లపల్లి వైపూ దాన్ని పలకరించేవారు తగ్గారు. పుష్యమాసపు మంచు మాత్రం ఎక్కడికీ పోలేదు గదా! తెల్లవారుజామున పెరట్లో చేతులు కాచుకోవాలని పెద్దలకూ, మొక్కజొన్న పొత్తులు కాల్చుకోవాలని పిల్లలకూ వుంటుంది. ఆ కుంపటే ఇప్పుడు ‘ఫైర్ పిట్’ అనే దొరపేరుతో దుకాణాలకెక్కింది. ఇంట్లో చేసుకుంటే ఖర్చు స్వల్పం.

15 కిలోల ఖాళీ నూనె డబ్బా తీసుకుని, అడుగు ఎత్తు వుంచి పైభాగం కోయించండి. అంచు మడిచి కొట్టించాలి, లేకపోతే చేతులు తెగుతాయి. ఒక పక్క కింద 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు కిటికీ వుండాలి. కుంపటికి ముక్కు అదే. దానికి పైన ఎదురెదురుగా చిల్లులు పొడిచి, అరంగుళం ఎడంతో ఇనుప చువ్వలు దూర్చండి. బూడిద కిందికి రాలుతుంది, గాలి పైకి వస్తుంది. మోయడానికి లావుపాటి తీగెతో పిడి చాలు. జింకుపూత బకెట్టు మాత్రం వద్దు. బాగా కాలితే దాని పొగ జ్వరం తెస్తుంది.

ఇక మట్టి. నల్లరేగడి ఒక్కటే మెత్తితే నెర్రెలిస్తుంది. తడిస్తే ఉబ్బడం, ఆరితే ముడుచుకోవడం దాని గుణం. వేసవిలో చేలు చూసినవారికి వేరే చెప్పాలా? రెండు పాళ్ల మట్టికి ఒక పాలు ఇసుక, ఒక పాలు ఊక కలిపి, రాత్రంతా నాననిచ్చి తొక్కండి. ఊక కాలిన చోట సన్నని రంధ్రాలు మిగిలి, వేడిని రేకుదాకా పోనివ్వవు. చువ్వలపైన లోపలి గోడలకు ఒకటిన్నర అంగుళం మందాన మెత్తి, గిన్నె నిలవడానికి అంచుమీద మూడు గుబ్బలు పెట్టండి. నీడలో మూడు రోజులు, ఎండలో నాలుగు రోజులు ఆరాలి. మొదట సన్నసెగే పెట్టండి. భగ్గున మండిస్తే లోపలి తేమ ఆవిరై మట్టిని బద్దలు కొడుతుంది.

1953లో హైదరాబాదుకు చెందిన ఎస్.పి. రాజుగారు పొగలేని వంటిళ్లను గురించి ఒక పుస్తకమే ప్రకటించారు. ఆయన పొయ్యికి పొగగొట్టం వుంది. మన కుంపటికి లేదు. అసలు సంగతి ఇక్కడే వుంది.

ఎత్తుకు తీసుకుపోవడానికి వీలుండటం కుంపటి సుగుణం. దాని ప్రమాదమూ అదే. చలి ఎక్కువైతే చెయ్యి దాన్ని గదిలోకి లాగుతుంది. బాలింత మంచం పక్కన కుంపటి పెట్టి తలుపులు బిగించడం మన పాత అలవాటు. బొగ్గులు ఎర్రబడి పొగ ఆగింది గదా అని ధైర్యపడరాదు. అప్పుడే కార్బన్ మోనాక్సైడు వస్తుంది. దానికి రంగులేదు, వాసన లేదు. ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా పట్టుతో నెత్తురును అంటుకుంటుంది. తలనొప్పి, తలతిరుగుడు, వాంతి దాని గుర్తులు. నిద్రలో వున్నవారికి ఆ గుర్తులు కూడా తెలియవు. అలా కనిపిస్తే వెంటనే మనిషిని ఆరుబయటికి తెచ్చి, ఆస్పత్రికి తీసుకుపోవాలి.

బాలింతకూ బిడ్డకూ దుప్పట్లు, ఉన్నిబట్టలు చాలు. కుంపటిని గడ్డివాముకూ వరికుప్పకూ దూరంగా, గాలివాలు చూసి పెట్టండి. లేచిపోయేటప్పుడు ఇసుక కప్పండి. నీళ్లు పోస్తే మీరు కష్టపడి మెత్తిన మట్టి ఆ పూటే పగులుతుంది.