పేరు మార్చుకొన్న శిక్ష

1921లో పలనాటి పశువులు చేసిన నేరమేమో నేటి విద్యార్థికి సులభంగా బోధపడదు. తరతరాలుగా మేసిన అడవిలో మేయడమే వాటి నేరం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో ఆ అడవులపై ప్రభుత్వపు అదుపు బిగిసినది. గడ్డికి పుల్లరి కట్టవలసి వచ్చినది. కట్టని రైతు పశువు బందెలదొడ్డి పాలైనది. అటవీ శాఖ సిబ్బంది దౌర్జన్యాలను గూర్చి మాచర్ల ప్రాంతమంతా మొరపెట్టుకొన్నది.

నిజానిజాలు తెలిసికొని రమ్మని కాంగ్రెసువారు ఇద్దరిని పంపినారు. ఒకరు ఉన్నవ లక్ష్మీనారాయణ, ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి వచ్చినవారు. రెండవవారు మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు. అధికారులు వారిని అరెస్టు చేసినారు. ఏడాది జైలు విధించినారు. విచారించ వచ్చినవారే విచారణకు గురియైనారు. రైతుల మొరలో నిజమెంత అన్న ప్రశ్న మాత్రం ఎక్కడిదక్కడనే నిలిచిపోయినది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద పోలీసు కాల్పులలో కన్నెగంటి హనుమంతు నేలకొరిగినాడు. ఆ ఇద్దరి మాట ముందే చెవిని పెట్టి ఉంటే కాల్పులు తప్పెడివో లేదో ఎవరూ చెప్పలేరు. చెవిని పెట్టలేదన్నది మాత్రం నిశ్చయం.

ఉన్నవవారు రాయవెల్లూరు జైలులో వ్రాసిన 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం 1923లో నిషేధించినది. మనిషి తరువాత పుస్తకం వంతు. ఆ నవల జైలులో పుట్టినదని తరగతిలో చెప్పడం పరిపాటి. ఆయన జైలుకు మాచర్ల దారిని పోయినారని కూడ చెప్పవలె.

అది పరాయి ప్రభుత్వం. మన ప్రభుత్వంలో ఏమి జరిగినది? 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజులలో, నర్సీపట్నం ఆసుపత్రి మత్తుమందు వైద్యుడు డాక్టరు సుధాకర్ తమకు ఎన్-95 మాస్కులు చాలడం లేదని బాహాటంగా అన్నారు. కొన్ని దినాలకే ఆయన సస్పెండైనారు. మే 16న విశాఖపట్నంలో పోలీసులు ఆయన చేతులు వెనుకకు కట్టి తీసికొని పోయిన దృశ్యాన్ని దేశమంతా చూచినది. మద్యం మత్తులో అల్లరి చేసినారని పోలీసులు చెప్పినారు. పిచ్చాసుపత్రిలో చేర్చినారు. హైకోర్టు ఈ వ్యవహారాన్ని సి.బి.ఐ.కి అప్పగించినది. 2021 మేలో ఆయన మరణించినారు. మాస్కులు చాలినవా, లేదా? దాని సంగతి అడిగిన వారెందరు?

పగతీర్చుకొనే అధికారం తన పేరు చెప్పుకొని రాదు. సస్పెన్షను మన సర్వీసు నిబంధనల దృష్టిలో శిక్ష కాదు, విచారణకు ముందరి ఏర్పాటు మాత్రమే. కనుకనే ముందుగా సంజాయిషీ వినవలసిన పని లేదు. ఇంటికి వచ్చేది మాత్రం సగం జీతపు సెలవుకు సరిపడు భత్యమే. బదిలీ అంతకన్న మర్యాద గలది. దాని పేరు పరిపాలనా సౌలభ్యం!

సత్యేంద్ర దూబే అనే యువ ఇంజనీరు జాతీయ రహదారి పనులలోని అవినీతిని గూర్చి 2002లో ప్రధానమంత్రికి ఉత్తరం వ్రాసి, తన పేరు గుప్తంగా ఉంచుమని కోరినాడు. ఉత్తరం పేరుతో సహా కార్యాలయాలు తిరిగినది. 2003 నవంబరులో గయలో అతడు హతుడైనాడు. దోపిడిగాండ్ర పని అని సి.బి.ఐ. తేల్చినది, దేశానికి ఆ సమాధానం తృప్తినీయలేదు. ఆ కలవరం నుండి పుట్టినదే 2014 నాటి ప్రజావేగుల రక్షణ చట్టం. పార్లమెంటు ఆమోదించినది, రాష్ట్రపతి సంతకం చేసినారు. అమలు తేదీని ప్రకటించడానికి మాత్రం ఏండ్లు గడచినా చేతులు రాలేదు.

గురజాలలోనో నరసరావుపేటలోనో ఒక ఉపాధ్యాయుడు మధ్యాహ్న భోజనపు బియ్యం తూకానికి తగ్గినవని కనిపెట్టినాడనుకొందాము. పత్రికకు చెప్పబోతే 1964 నాటి ప్రవర్తనా నియమావళి అడ్డు వచ్చును. పై అధికారికి వ్రాయవచ్చు; ఆ బియ్యం కరిగినది ఆ దారిలోనే అయితే? ఆకాశరామన్న ఉత్తరాన్ని 2014 నాటి చట్టం కూడ స్వీకరించదు. అతడు క్రింద పేరు వ్రాయక తప్పదు. వ్రాసిన పిమ్మట ఆ కాగితం ఎన్ని బల్లలు దాటునో, ఎవరి కంట బడునో అతనికి తెలియదు.