మాట మొదట ఒకే హల్లు

ఫిన్నిష్ భాషకు హల్లుల కలయిక పడదన్న మాట తరచు వినిపిస్తుంది. అది సగమే నిజం. మూడును 'కొల్మె', పిల్లను 'లప్సి', అడవిని 'మెత్స' అనే భాషకు సంయుక్తాక్షరాలు తెలియవని ఎలా అంటాం? దేశ్యపదాల నడుమ అవి ధారాళంగా ఉన్నాయి, మొదట మాత్రం లేవు. కొల్-మె, లప్-సి అని విడదీసి పలికితే కారణం తెలుస్తుంది. ఉచ్చారణలో ఏ ఖండమూ ఒకటికి మించిన హల్లుతో మొదలుకాదు. అదనపు హల్లు ముందు ఖండం చివరికి చేరుతుంది. మాట మొదట అలా చేరడానికి ముందు ఖండమే ఉండదు.

జర్మానిక్ భాషల నుంచి వచ్చిన పాత ఎరువుమాటలు ఇందుకు సాక్ష్యం. తీరానికి స్వీడిష్‌లో 'స్ట్రాండ్' అంటారు. ఆ వంశపు మాటే ఫిన్నిష్‌లో 'రంత'. మూడు హల్లుల్లో అచ్చును అంటిపెట్టుకున్నదే మిగిలింది. గాజుకు చెప్పే 'గ్లాస్' 'లసి' అయింది. ఫ్రాన్స్‌ను 'రన్‌స్క' అంటారు. మొదటి 'ఫ' పోయింది గాని, నడుమ న, స, క మూడూ నిలిచాయి. అంటే అభ్యంతరం హల్లుల సంఖ్య మీద కాదు, చోటు మీద.

నేటి ఫిన్నిష్‌లో 'ప్రెసిదెంత్తి', 'స్త్రతేగియ' లేవా అని అడగవచ్చు. హెల్సింకి వీధిభాషలోనూ, నైరుతి మాండలికాల్లోనూ ఇలాంటి మొదళ్లు ఉన్నాయి. కాని ఇవి ఎక్కువగా ఎరువుమాటలే. 'రంత', 'స్త్రతేగియ' రెండింటి మూలంలోనూ ఉన్నవి అవే మూడు హల్లులు. ఒకచోట రాలి, మరొకచోట నిలవడమే ఆ మాటల వయసులోని తేడాను చెబుతుంది. మినహాయింపులు నియమాన్ని కొట్టివేయలేదు, దాని కాలాన్ని చూపించాయి.

హల్లులు రాలిస్తే మాట చెడిపోదా అన్నది ఇంకో ఆక్షేపణ. వలయాన్ని ఫిన్నిష్‌లో 'రెంగస్' అంటారు. దీని ఆదిమ జర్మానిక్ రూపం 'హ్రెంగజ్' అని భాషావేత్తల పునర్నిర్మాణం. ఫిన్నిష్ మొదటి 'హ'ను వదిలినా చివరి భాగాన్ని దాచుకుంది. ఇంగ్లీషు 'రింగ్' రెండింటినీ పోగొట్టుకుంది. ఇక చెడగొట్టింది ఎవరు? అర్థభేదానికీ లోటు రాలేదు. 'తులి' నిప్పు, 'తూలి' గాలి, 'తుల్లి' సుంకం. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం చాలు, మూడు మాటలు వేరుపడటానికి.

తెలుగుకూ ఇది పరాయి సంగతి కాదు. క్రొత్త కొత్త అయింది, మ్రాను మాను అయింది. వాటిని ఎవరూ తప్పనడం లేదు. 'స్కూలు'ను 'ఇస్కూలు' అన్న పల్లె నోటిని మాత్రం నవ్వులపాలు చేస్తున్నాం. ఆ నోరు పాటిస్తున్నదీ ఉచ్చారణ నియమమే. బడుల్లో, పత్రికల్లో ఆ నవ్వు ఇకనైనా ఆగాలి.